మావయ్య క్రేన్ సైగ

పోర్తో, పోర్చుగల్
జూన్ 9

ఒలే మరదలా,

చేతిరాత చూసి నవ్వకు. బస్సులో రాస్తున్నాను. బస్సు ఆగినా నా రాత ఇంతేనని నీకు తెలుసులే. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అనుకుంటావేమో. నీ ఫోన్‌ని నీకంటే ముందు మీ తమ్ముడు చిట్టిబాబు చూస్తాడు. వాడు చూశాక మన రిసాలి పేటంతా చూస్తుంది. తెలుగులో రాస్తే మాత్రం వాడికి ఒక్క అక్షరం రాదు. వేసవి సెలవుల్లో నన్ను ఆంధ్రా సంఘం హాలుకి ఈడ్చుకెళ్ళి నువ్వు దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి.

అసలు సంగతి విను. నిన్న నన్ను టీవీలో చూపించారు. పాడుతుండగా కాదు, పాట అయిపోయాక, స్టేజీ వెనక. రేకుల డబ్బాలాంటి గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జుట్టులోంచి చెమట కారుతోంది. చేతిలో సగం కొరికిన రొట్టె. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటర్వ్యూ అంతా పట్టుకునే కూర్చున్నాను. ప్రశ్నలడిగిన ఆమె పేరు క్లారా. మా బ్యాండుకి 'జనరల్ షిఫ్ట్' అనే పేరెందుకని అడిగింది. మా ఊళ్ళో పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే అదృష్టవంతుల డ్యూటీని అలా అంటారు, మాలో ఎవరి నాన్నకీ అది దక్కలేదు, అందుకని మేము పేరైనా పెట్టుకున్నాం అన్నాను. మా డ్రమ్స్ వాయించే సంజయ్, అదే మన పక్కూరు చరోదా సంజయ్, వెనకనుంచి కర్రతో గోడ మీద కొట్టి ఔనన్నాడు.

తర్వాత నా సైగ గురించి అడిగింది. వీడియోల్లో చూశావు కదా. చెయ్యి తలపైకెత్తి, వేళ్ళన్నీ కిందికి ముడిచి గుండ్రంగా తిప్పుతాను. ఆఖర్న బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి కొంచెం సందు చూపిస్తాను. ఇప్పుడు నేను చేస్తే ఎదురుగా మైదానమంతా చేస్తోంది నీలూ. వేల చేతులు. వర్షంలో కూడా.

అది మా నాన్నది అని చెప్పాను. ఆయన ఉక్కు మిల్లులో క్రేన్ నడిపేవాడని, అంత ఎత్తున కూర్చుంటే మాటలు వినపడవని, అక్కడ చేతులే మాట్లాడతాయని, ఆ సైగకి అర్థం 'బరువు పైకెత్తు, మెల్లగా' అని చెప్పాను. చిన్నప్పుడు డ్యూటీ బట్టల్లో ఆయన ఇంటి గేటు దగ్గర నిలబడి అలా చేస్తుంటే చూసి నేర్చుకున్నానని కూడా చెప్పాను. క్లారా కళ్ళు తుడుచుకుంది. కెమెరా పట్టుకున్నతను ఒక చేత్తో ఆ సైగ చేశాడు, బొమ్మ ఊగిపోయింది, అయినా అలాగే వేశారు.

ఇప్పుడు చెప్పు. నాన్న చూశాడా? ఏమన్నాడు? అప్రెంటిస్ పరీక్ష ఎగ్గొట్టి సంజయ్ వాళ్ళతో ముంబయి రైలెక్కిన రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. అమ్మకి ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకివ్వమంటాను. తీసుకుంటాడు. ఊపిరి వినపడుతుంది. మళ్ళీ అమ్మ చేతికి వెళ్ళిపోతుంది ఫోను. ఈ ఊళ్ళన్నీ, ఈ చప్పట్లన్నీ ఒక పక్కన పెట్టు. నాకు ఆయన నోటి నుంచి ఒక్క మాట కావాలి. తిట్టినా సరే.

నీ వనజాక్షి
(ఇక్కడ ఈ పేరుకి ఎవరికీ నోరు తిరగదు. క్లారా మూడుసార్లు మొదలుపెట్టి, ఆఖరికి నన్నే పలకమంది.)

రిసాలి, భిలాయి
జూన్ 28

వనజ వదినకు,

నీ ఉత్తరం చేరింది. చిట్టిబాబు దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీదీ, ఇందులో జిలేబీలు తప్ప ఏమీ కనపడట్లేదు" అని నాకిచ్చేశాడు.

వాడి చేతికి ఇంటర్వ్యూ ఉత్తరం కంటే ముందే వచ్చింది. ఎవరో పుణ్యాత్ములు కింద హిందీలో మాటలు కూడా వేశారు. వాడు మీ ఇంటి టీవీకి కలిపి, వీధి వాళ్ళందరినీ పిలిచాడు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని కదా, ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఆ రోజు కాగితం బదులు నువ్వు వచ్చావు. కింద వచ్చే హిందీకి తెలుగు చెప్పుకుంటూ టీవీ పక్కన నిలబడ్డాను. నీ చేతిలోని రొట్టె ఎందుకు కదలడం లేదని చిన్నమ్మలు పిన్ని అడిగింది. అది కింద హిందీలో రాలేదు అన్నాను.

మర్నాటి నుంచి ఊళ్ళో అందరి చేతులూ గాలిలోనే ఉన్నాయి. పవర్ హౌస్ కూడలి దగ్గర ఆటోవాడు హారన్ కొట్టకుండా చెయ్యి బయటపెట్టి నీ సైగ చేశాడు, ఎదుటివాడు కూడా చేశాడు, ఇద్దరూ దారి ఇవ్వడం మరిచిపోయారు. నా అయిదో తరగతి పిల్లలు మాట్లాడకండిరా అంటే ముప్పై చేతులెత్తి బరువు మెల్లగా ఎత్తుతున్నారు. నేనూ ఒకసారి ఎత్తాను. హెడ్మాస్టరు గారు అప్పుడే వచ్చారు.

అత్త గురించి ఒక మాట. నువ్వు సైగకి అర్థం చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. భుజాలు అదిరిపోతున్నాయి. ఏడుస్తోందనుకుని అందరూ అయ్యో అన్నారు.

ఇక నువ్వు అడిగినదానికి. మావయ్య చూశాడు. మొదటి నుంచి చివరి దాకా కుర్చీలో నిటారుగా కూర్చుని చూశాడు. చెయ్యి చూపించిన చోటు మాత్రం మళ్ళీ వెయ్యమని చిట్టిబాబుకి చెప్పాడు. అదీ చూశాడు. లేచి చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు అలవాటు కనుక ఇది కూడా రాస్తున్నాను: ఇంకొక సంగతి ఉంది, కానీ అది అత్త సంగతి. ఆమె సరేనంటేనే రాస్తాను.

నీ నీలిమ

బ్రనో, చెక్ దేశం
జూలై 14

నీలూ,

నువ్వు టీచరువయ్యాక పాడైపోయావు. ఊరించి ఆపేయడం ఎక్కడ నేర్చుకున్నావు?

ఇక్కడ సైగ టీషర్టుల మీదకి ఎక్కింది. నల్ల చొక్కా, తెల్ల చెయ్యి. ఒక పెద్దాయన తన దండచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చి చూపించాడు. ఇది మా నాన్న చెయ్యి అని నేను ఆయనకి చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఆ సాయంత్రం మొదటి పాట సంజయే పాడాల్సి వచ్చింది. జనం పారిపోలేదు, అది వాళ్ళ మంచితనం.

కానీ రాత్రి బస్సెక్కాక నీ ఉత్తరంలోని ఒకే వాక్యం బుర్రలో తిరుగుతోంది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పరాయి దేశం వాళ్ళ ముందు తన పని గురించి చెప్పినందుకు కోపమొచ్చిందా? నేను ఆయన్ని పొగిడాననుకున్నాను. ఆయనకి అది బజారున పెట్టినట్టు అనిపించిందేమో. అదే అయితే ఆ సైగ మానేస్తాను. నిజంగా మానేస్తాను. అమ్మ కాళ్ళు పట్టుకునైనా ఆ సంగతేదో రాయి.

వనజ

రిసాలి, భిలాయి
ఆగస్టు 3

వనజ వదినకు,

కూర్చుని చదువు. చేతిలో తినేదేదైనా ఉంటే ముందు కింద పెట్టు.

అత్త ఆ రోజు ఏడవలేదు. నవ్వింది. వంటింట్లో బియ్యం డబ్బా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే నేను వెళ్ళాను. ఏమైంది అత్తా అంటే, నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"ఒలే గుంటా, అది క్రేనూ కాదు, ఏటీ కాదు. షిఫ్టు నుంచొచ్చి సైకిలు స్టాండేస్తా, గేటుకాడి నుంచి నాకు సెప్పేవోడు. టీ ఎట్టు, పంచదార కూసింత అని."

గుండ్రంగా తిప్పడం గ్లాసులో చెంచా తిప్పడం. వేళ్ళ మధ్య సందు పంచదార. వదినా, నీ ఎదురుగా వర్షంలో తడుస్తూ వేలమంది అడుగుతున్నది టీ. ఆ పెద్దాయన దండ మీద పచ్చబొట్టు కూడా టీయే.

నేనూ ఆమె పక్కన కూలబడ్డాను. కాసేపటికి తేరుకుని, గేటు దగ్గర నుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా అన్నాను. అత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన కేకేస్తే నాకినపడతాది. నాను బదులు సెప్తే ఆయనకినపడాల కదే" అంది.

ఇదే వదినా అసలు సంగతి. మావయ్యకి చెవులు సరిగా లేవు. వయసో, మిల్లు చప్పుడో, చాలా ఏళ్ళ కిందటే మొదలైంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాడు. అందుకే మీ ఇంట్లో అందరూ ఎదురెదురుగా నిలబడి గట్టిగా మాట్లాడతారు. నీ గొంతు అలా తయారైంది కూడా అందుకే కాబోలు. ఫోన్‌లో పెదాలు ఉండవు. నువ్వు మాట్లాడుతున్నావని తెలుసు, ఏం మాట్లాడుతున్నావో తెలియదు. తప్పు జవాబు చెప్తానేమోనని ఫోను అత్తకిచ్చేస్తాడు. మొదట్లో కోపం ఉన్న మాట నిజమే, అది కొన్నాళ్ళే అంది అత్త. తర్వాతిది సిగ్గు.

మరి చెప్పులు తొడుక్కుని ఎక్కడికి వెళ్ళాడంటే, మూల మీది టీ కొట్టుకి. రిటైరైన వాళ్ళంతా అక్కడే ఉంటారు. అక్కడ గురునాథరావు గారు ఉన్నారు. మిల్లులో కింద నిలబడి మావయ్యకి సైగలు చేసిన మనిషి ఆయనే. నేను కూరలకి వెళ్తూ అక్కడే ఆగి విన్నాను. ఆయన అందరి ముందూ ఆట పట్టించాడు.

"బావా, ఇన్నేళ్ళు నీకు సైగలు సేసినోణ్ణి నాను. వేళ్ళు కిందికెట్టి తిప్పితే ఏటి లేస్తాదయ్యా? మీ అమ్మాయి ఏ మిల్లులో సూసిందేటి?"

కొట్టంతా నవ్వింది. మావయ్య నవ్వలేదు.

"అది మిల్లు కట్టిన రష్యావోళ్ళ టైములోది. నువ్వప్పుడు స్టోర్సులో ఉన్నావు. నీకేటి తెలుసు."

మావయ్య ఎలాంటివాడో నీకు చెప్పక్కర్లేదు. పెళ్ళి భోజనంలో కూర బాగాలేకపోతే పెళ్ళికొడుకు తండ్రిని పిలిచి మరీ చెప్పే మనిషి. ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం ఇది. నీ మాట నిలబెట్టడానికి చెప్పాడు. ఆ మర్నాడు కుర్ర ఆపరేటర్లు మోటారు సైకిళ్ళ మీద వచ్చి 'రష్యన్ సిగ్నల్' నేర్పమన్నారు. నేర్పాడు. వేళ్ళ మధ్య సందు ఎంత ఉండాలో కూడా చెప్పాడు.

నీ నీలిమ

గ్దాన్స్క్, పోలండ్
ఆగస్టు 19

నీలూ,

ఉత్తరాన్ని బస్సు మధ్యలో నిలబడి చదివాను. టీ అన్న చోట అరిచిన అరుపుకి డ్రైవరు బ్రేకు వేశాడు. సంజయ్ నవ్వి నవ్వి కిందపడ్డాడు. తర్వాత చెవుల సంగతి దగ్గరికి వచ్చాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సంజయ్ నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళాడు.

పంతొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. ఆయన చెయ్యి కదిలితే క్రేన్ అనుకున్నాను తప్ప, అమ్మ వెంటనే వంటింట్లోకి ఎందుకు వెళ్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఫోన్‌లో ఆయన ఊపిరి విని, ఇంత పంతమా అని నేనూ పంతం పట్టాను.

ఇప్పుడు ఇంకో గొడవ వచ్చింది. సెప్టెంబర్ 6న టూరులో ఆఖరి ప్రోగ్రాం మళ్ళీ ఈ ఊళ్ళోనే. క్లారా మళ్ళీ వస్తోంది. స్టేజీ వెనక నన్ను కూర్చోబెట్టి, వీడియోలో నాన్నని కలిపి, ఆ సైగ ఆయన చేత చేయిస్తుందట. బయట పెద్ద తెర మీద జనానికి కూడా వేస్తారట. నేను సరేనని మాటిచ్చింది నీ ఉత్తరం రాకముందు.

ఆలోచించాను. ముందే క్లారాకి నిజం చెప్పేస్తాను. తప్పు నాదే, నన్ను చూసి నవ్వుకోనీ. నాన్న నా కోసం ఊరందరి ముందూ ఇంకోసారి అబద్ధం ఆడకూడదు. ఆయన అసలు కెమెరా ముందు కూర్చుంటాడా? నాతో మాట్లాడతాడా? అది కనుక్కో.

వనజ

రిసాలి, భిలాయి
ఆగస్టు 31

వనజ వదినకు,

ఇది నీకు అందేలోపు ఆరో తారీకు వచ్చేస్తుందేమోనని దీన్ని ఫోటో తీసి కూడా పంపుతున్నాను. చిట్టిబాబు చూసినా జిలేబీలే.

నన్ను తిట్టుకో. నీ ఉత్తరం మావయ్య చేతికిచ్చాను. ఫోను వినపడదు కానీ తెలుగు బాగా చదువుతాడు కదా. గుమ్మంలో వెలుతురుకి పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, నాకు తిరిగి ఇవ్వలేదు. ఆ కాగితం ఇక నాది కాదనుకుంటాను.

నువ్వు నిజం చెప్పేయడం ఆయనకి ఇష్టం లేదు. నాతో అన్న మాట ఇది: "పిల్ల ఒకపాలి మాట సెప్పింది. అంతమంది నమ్మినారు. దాన్ని మాటమీద నిలబడనీ. గురునాథం సంగతి నాను సూసుకుంటాను."

కెమెరా ముందు కూర్చుంటాడు. అత్త ఇస్త్రీకి డ్యూటీ చొక్కా ఇచ్చింది. ప్రశ్నలు నేను బడి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తాను.

నీతో మాట్లాడతాడా అన్నదానికి జవాబు రాయలేను. అడిగాను. చెవి వినపడనట్టు కూర్చున్నాడు. ఆయన విషయంలో అది ఎప్పుడు నిజమో చెప్పడం కష్టం.

నీ నీలిమ

గ్దాన్స్క్
సెప్టెంబర్ 7

నీలూ, నీలూ, నీలూ,

నవ్వు ఇంకా ఆగలేదు. నాకు ఇటువైపు కనపడింది రాస్తాను, అటువైపుది నువ్వు రాయి.

తెర మీద నాన్న వచ్చాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, పక్కన అమ్మ, వెనక మీ అందరి తలకాయలు. క్లారా అడిగింది, నువ్వు బోర్డు ఎత్తావు, నాన్న చదివి తలూపాడు. 'బరువు పైకెత్తు, మెల్లగా. రష్యా వాళ్ళ టైములోది' అని కంచుగంటలా చెప్పి, నిలబడి, చెయ్యి ఎత్తి తిప్పాడు. వేళ్ళ సందు చూపించాడు. బయట మైదానం మైదానమంతా చెయ్యి తిప్పింది. ఆ హోరుకి రేకుల గది అదిరింది.

అప్పుడు అమ్మ లేచింది. టీవీ లేదు, పోలండ్ లేదు, ఊరంతా చూస్తోందన్న ధ్యాస లేదు. కొంగు బిగించుకుని తిన్నగా వంటింట్లోకి నడిచింది. మీ అమ్మగారు ఎక్కడికి వెళ్ళారని క్లారా అడిగితే, అదే నేను తెలుగులో అడిగాను. ఎవరో పెద్దాయన గొంతు, గురునాథరావు గారే అయ్యుండాలి, 'టీ ఎట్టడానికి' అన్నాడు. మీ వాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. నేను కుర్చీలోంచి జారిపోయాను. క్లారాకి చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆమె కెమెరా వైపు తిరిగి ఇంగ్లీషులో జనానికి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన చప్పట్లు నా ఏ పాటకీ రాలేదు.

నాన్న తెరకి దగ్గరగా వచ్చాడు. ఎవరు నవ్వినా ఆయన చూడలేదు, నన్నే చూశాడు. నేను ఏదేదో అంటున్నాను, ఆయనకి అందడం లేదని గుర్తొచ్చి ఆపేశాను. అప్పుడు ఆయన చెయ్యి ఎత్తాడు. మెల్లగా తిప్పాడు. వేళ్ళ మధ్య సందు కూసింత కాదు నీలూ, ఇంత వెడల్పు చూపించాడు. పంచదార ఎక్కువ వేసుకో, సన్నబడిపోయావు అని.

మాట అంటే నోటితోనే రావాలనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను తిరిగి చెయ్యి తిప్పాను. ఆయన తిప్పాడు. క్లారా మధ్యలోకి రాలేదు. ఎంతసేపో తెలియదు, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం టీ అడుగుతూనే ఉన్నాం. అంతలో సిగ్నల్ పోయింది. తర్వాత ఏమైంది?

వనజ

రిసాలి, భిలాయి
సెప్టెంబర్ 22

వనజ వదినకు,

తర్వాత అత్త టీ తెచ్చింది. తన చుట్టూ అందరూ ఎందుకు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారో ఆమెకి అర్థం కాలేదు. "ఆయనడిగినారు, లేచినాను. అందులో ఏటుంది?" అంది. చెప్పాక పళ్ళెం నా చేతిలో పెట్టి మొహం కొంగులో దాచుకుంది.

మావయ్య మాత్రం నల్లబడిన తెర ముందు అలాగే నిలబడ్డాడు. గురునాథరావు గారు ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కనపడేలా, "రష్యావోళ్ళు టీ బాగా తాగేవోళ్ళు బావా, నాకిప్పుడు గుర్తొచ్చింది" అన్నారు. మావయ్య ఆయన్ని కాసేపు చూసి, తన గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నా చెవులు నాకు బాగానే వినపడతాయి, డాక్టరు అక్కర్లేదని ఇన్నాళ్ళూ అన్న మనిషి, ఈ సోమవారం గురునాథరావు గారి వెంట వెళ్ళి చెవుల పరీక్ష చేయించుకున్నాడు. మిషను వచ్చే నెల ఇస్తారట. అది పెట్టుకుంటే ఫోను వినపడుతుందా అని డాక్టర్ని అడిగాడని గురునాథరావు గారు చెప్పారు. వేరే ఏమీ అడగలేదట.

ఇక అసలు కబురు. నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి, నేను నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాస్‌పోర్టుకి ఏం చెయ్యాలి, రాయపూర్ ఎప్పుడు వెళ్ళాలి అన్నాడు. వచ్చే వేసవి టూరుకి నీ దగ్గరికి వస్తాడట. అత్తని కూడా తెస్తాడట. చిట్టిబాబు గుమ్మంలో నిలబడి, మావయ్యని వాడి హిందీలో ఫూఫాజీ అని పిలిచి, అక్కడ పాటలకి గోడలు అదురుతాయి, మిషను పెట్టుకుని మీరేం వింటారు, తీసేసి మీరేం చేస్తారు అని పెద్దగా అడిగాడు. మావయ్య వాడి పెదాలు చదివాడు. జవాబు మాత్రం నాకు చెప్పాడు, నీకు రాయమని. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఇనడానికెవుడెల్తున్నాడే. అన్నేసి మంది టీ అడుగుతుంటే, పిల్ల ఒక్కర్తీ ఎంతమందికని ఎడతాది?"

నీ నీలిమ